గుడ్డ కప్పిన కంప్యూటర్

మా అక్కది జాలి గుండె అని వాళ్ల ఆఫీసులో పేరు. నాకు నవ్వొస్తుంది. తన కడుపులో ఎంత కసి ఉందో నాకు తెలుసు. అందులో సగం నేను రగిలించిందే.

చదువైన కొత్తలో అక్క ఒక కళ్లజోళ్ల షాపులో కౌంటర్ దగ్గర చేసేది. ఆ షాపాయన కంప్యూటర్ కొని, దాని మీద పూల గుడ్డ కప్పి, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఓ రోజు ఆయన భోజనానికి వెళ్లినప్పుడు, ఎవరో ముసలాయన పాత కళ్లజోడు పవర్ ఎంతో అందులో చూడడానికి అక్క ఆ గుడ్డ తీసింది. ఆయన తిరిగొచ్చి, షాపు నిండా జనం ఉండగానే, "నీ మొహానికి కంప్యూటర్ కూడానా? రేపట్నుంచి రానక్కర్లేదు, పో" అన్నాడు. ఆ రోజు అక్క అన్నం ముట్టలేదు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు అక్క కళ్లజోళ్ల షాపులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో పెద్ద. ఏ పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కి సపోర్ట్ ఉంచాలో, దేనికి తీసెయ్యాలో తన మాటే ఆఖరు. షాపులన్నీ కొత్త కంప్యూటర్లు కొనేసుకున్నాయి. పాత సిస్టమ్ మీద మిగిలింది ఒక్కడే, మన గుడ్డాయన. పిసినారి, ఇంకా అదే కంప్యూటర్!

"ఒక్క షాపు కోసం ప్రతి పనీ రెండుసార్లు చెయ్యాలి మేడమ్, తీసేద్దాం" అని టీమ్ వాళ్లు మొత్తుకునేవాళ్లు.

"పాపం, పాత కస్టమర్. ఉంచండి, ఆ పని నేను చూసుకుంటాను" అనేది అక్క. అదీ జాలి గుండె సంగతి.

అసలు కారణం ఫోన్. సాఫ్ట్‌వేర్ మొరాయించినప్పుడల్లా ఆయన నేరుగా అక్కకే చేసేవాడు. అవతల ఉన్నదెవరో ఆయనకు తెలీదు. "మేడమ్ గారూ, కొంచెం దయచూడండి, బిల్లు రావట్లేదండీ" అని బతిమాలేవాడు. అక్క స్పీకర్ పెట్టి, "లైన్లో ఉండండి" అని నాకు టీ పోసేది. ఆయన 'అండీ' అన్నప్పుడల్లా మా ఇద్దరికీ కడుపు నిండేది.

కానీ ఆయన తంటాలు సరిచెయ్యడానికి అక్క అలాంటిదే ఓ డొక్కు కంప్యూటర్ తెచ్చి మా హాల్లో పెట్టింది. ఆదివారమంతా దాని ముందే. మొన్న ఇద్దరం సినిమాకి బయల్దేరితే, ఆయన ప్రింటర్ ఆగిందని ఫోన్. అక్క గుమ్మంలో చెప్పులు విప్పేసింది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఆయన పొమ్మన్నా నువ్వు మానలేదక్కా. జీతం లేకుండా ఇంకా ఆయన దగ్గరే చేస్తున్నావు."

అక్క మొహం పాలిపోయింది. సోమవారం ఆఫీసుకెళ్లి, పాత సిస్టమ్‌కి సపోర్ట్ ఆపేస్తున్నామని ఆయనకు కబురు పంపించింది.

సాయంత్రానికల్లా ఫోన్ వచ్చింది. "మేడమ్ గారూ, ఇలా నట్టేట ముంచేస్తే ఎలాగండీ?"

"కొత్త కంప్యూటర్ కొనుక్కోండి. మీ లెక్కలన్నీ మా వాళ్లు అందులోకి ఎక్కిస్తారు" అంది అక్క. కాస్త ఆగి, "నేనెవరో తెలుసా? మీ కంప్యూటర్ మీద గుడ్డ తీసినదాన్ని" అంది.

"నువ్వటే!" అన్నాడు ఆయన. ఇన్నాళ్ల అండీలన్నీ ఒక్క గుటకలో మింగేశాడు.

"నేనే. రేపట్నుంచి ఫోన్ చెయ్యక్కర్లేదు, పో."

పెట్టేసి అక్క చెప్పులేసుకుంది. "పద, సినిమాకి" అంది.

నాకైతే, ఇంకోసారి ఫోన్ చేసి ఆ మాట మళ్లీ చెప్పవే అని అడగాలనిపించింది.