మూటలక్క కట్టిన ముడి

ఆ వీధిలో ఎవరు ఇల్లు మారినా మొదట కబురు వెళ్లేది ఆమెకే. గాజు సామాను దేంట్లో చుట్టాలో, బీరువాను ఇరుకు మెట్ల మీద ఎటు వంచి దింపాలో ఆమెకు తెలిసినంతగా లారీవాళ్లకు కూడా తెలియదు. అందుకే చిన్నా పెద్దా అందరూ మూటలక్క అనేవారు.

ఆ విద్య ఆమె ఇష్టపడి నేర్చుకున్నది కాదు. తండ్రి తాపీమేస్త్రీ. ఒక భవనం లేచిందంటే ఇంకో ఊరు. పెళ్లయ్యేలోగా పదకొండు ఇళ్లు మారింది. పెళ్లికి ముందు కాబోయే భర్తను ఒక్కటే అడిగింది, "మీ ఉద్యోగంలో బదిలీలుంటాయా?" అని. అతను అచ్చాఫీసులో మెకానిక్. పుస్తకాల కాగితాలు మడిచే పాత యంత్రం ఒకటి అతని చేతి కింద ఉండేది. "దాన్ని వదిలి నేనెక్కడికి పోతాను?" అన్నాడు. పంతొమ్మిదేళ్లు ఆ మాట నిలబడింది.

ఆ ఏడు బడిపుస్తకాల పని వచ్చింది. కాగితం చెమ్మగిల్లి ఉంది, యంత్రం ఆపాలని మెకానిక్ చెప్పాడు. గడువు దాటుతుంది, నడపమన్నాడు మేనేజరు. నడిపాడు. నలభై వేల పుస్తకాల్లో ఎనిమిదో పేజీ తర్వాత ఇరవై మూడో పేజీ వచ్చింది. మెకానిక్ అజాగ్రత్త వల్లే తప్పు జరిగిందని మేనేజరు పైకి రాశాడు. రోజంతా రైల్లో కూర్చుంటే గాని చేరలేని శాఖకు బదిలీ అయింది. రెండు వారాల్లో చేరాలి. కూతురి చివరి పరీక్షలకేమో ఇంకా రెండు నెలలుంది.

మూటలక్క మేనేజరు గదికి వెళ్లింది. రెండేళ్ల కిందట ఆయన ఈ ఊరు వచ్చినప్పుడు ఆయన ఇల్లు సర్దిపెట్టింది ఆమే. ఒక్క కప్పు చెవి కూడా విరగలేదు. పరీక్షలయ్యే వరకు బదిలీ ఆపమని అడిగింది. ఆయన కాగితాల మీంచి తలెత్తలేదు.

"మూటలు కట్టడం నీకు వెన్నతో పెట్టిన విద్య కదా మూటలక్కా. ఇంక బెంగెందుకు?"

పక్కనున్న ఇద్దరు గుమాస్తాలు నవ్వారు. ఆ నవ్వు ఇల్లు చేరేదాకా ఆమె వీపు మీదే ఉంది. ఆ సాయంత్రం నుంచి ఆమె మళ్లీ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇల్లు సర్దడం మొదలుపెట్టింది.

ముందు అత్తగారి సంగతి చూసింది. చూపు మందగించిన ముసలావిడ ఇంట్లో అడుగుల లెక్కతోనే తిరుగుతుంది. కొత్త ఇంట్లో మంచం నుంచి ఎడమకు తొమ్మిదడుగుల్లో స్నానాల గది ఉందని భర్త చూసి వచ్చి చెప్పాడు. ఇక్కడా అదే లెక్క వచ్చేలా మంచం జరిపేసింది.

"గోడకి కొట్టుకుంటున్నానే అమ్మాయ్," అంది అత్తగారు.

"ఇక్కడ కొట్టుకోండి అత్తయ్యా. అక్కడ కొట్టుకోరు."

"నాకీ తిప్పలు తెచ్చినవాడి నోట్లో మన్ను పడ."

"పడుతుంది లెండి," అంది మూటలక్క, దుప్పటి మడతపెడుతూ.

పుస్తకాల అరలో నల్ల అట్ట నోటుబుక్కు ఒకటుంది. ఏ రకం కాగితానికి ఏ మరమేకు ఎన్ని చుట్లు తిప్పాలో, ఏ చప్పుడు వస్తే ఎక్కడ చూడాలో భర్త పంతొమ్మిదేళ్లుగా ఇంటికొచ్చి రాసుకున్నది. బయల్దేరే ముందు దాన్ని కొత్త మెకానిక్‌కి ఇస్తానన్నాడు.

"అది ఆఫీసు పుస్తకమా?"

"కాదు, నాదే. వాడు పాపం కొత్తవాడు. యంత్రం పాడైపోతుంది."

మర్నాడు మధ్యాహ్నం కూతురి బడికి కాగితాల కోసం భర్త వెళ్లగానే మూటలక్క ఆ పుస్తకం కుట్టు లాగేసింది. ఒక్కో కాగితం నలిపి గాజు గ్లాసుల్లో కుక్కింది, పళ్లేల మధ్య పరిచింది. కాగితం కరకరమన్నప్పుడల్లా వేళ్లకు హాయిగా ఉంది. భర్త అడిగితే, "ఏ పెట్టెలోనో సర్దేశాను, అక్కడికెళ్లాక పోస్టులో పంపుదాం," అంది.

లారీ వచ్చిన రోజు పొద్దున భర్త తల్లినీ కూతుర్నీ తీసుకుని ముందుగా రైలెక్కాడు. సామాను ఎక్కిస్తుండగా మేనేజరు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. మూడు రోజులుగా యంత్రం మొరాయిస్తోందట. పైవాళ్లు రేపు చూడ్డానికి వస్తున్నారట.

"అక్కా, మీ ఆయన దగ్గర ఏదో పుస్తకం ఉందట కదా."

"ఉంది సార్. ఈ నలభై పెట్టెల్లోనే ఉంది."

"ఏ పెట్టెలో?"

"గుర్తులేదు. కూర్చుని విప్పుకోండి. లారీ బయల్దేరడానికి ఇంకా అరగంట ఉంది."

ఆయన నిజంగానే దుమ్ములో మోకాళ్ల మీద కూర్చున్నాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఆమె కట్టే ముడి లాగే కొద్దీ బిగుస్తుంది. ఆయన గోళ్లతో పీకాడు, పళ్లతో కొరికాడు. కత్తి అడిగితే, "సర్దేశాను సార్," అంది. అరగంటలో ఒక్క పెట్టె విప్పగలిగాడు. దాంట్లో అత్తగారి దుప్పట్లున్నాయి. ఆమె వాటిని తీరిగ్గా మళ్లీ మడిచి, తాడు కట్టి, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. వెనక్కి తిరిగి చూసింది కూడా, ఆయన ముఖం కోసమే.

కొత్త ఇంట్లో గ్లాసులు తీస్తున్న భర్త చేతికి తన అక్షరాలు దొరికాయి. నేల మీద కూర్చుని కాగితాలు ఒక్కొక్కటీ అరచేత్తో సాపు చేశాడు.

రెండు నెలలకు పాత వీధి నుంచి ఫోన్ వచ్చింది. యంత్రం కోసం వచ్చిన పైవాళ్లు బడిపుస్తకాల సంగతి కూడా తవ్వారట. మేనేజర్ని గోదాముకు పంపేశారట. ఆమె ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నది. చివర్లో, యంత్రాన్ని పాత ఇనుము కింద అమ్మేశారని కూడా చెప్పారు. ఆ రోజు భర్త భోజనం చెయ్యలేదు. తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు.

"నాన్నకి తప్పయిందని చెప్పొచ్చుగా అమ్మా," అంది కూతురు.

"మీ నాన్న పుస్తకం చించినందుకు చెప్తాను. వాడికి చేసినదానికి మాత్రం చచ్చినా చెప్పను."

అలాగే చెప్పింది. ఆయన, "చించకుండా దాచేస్తే సరిపోయేది కదా," అన్నాడు.

"దాస్తే, వాడు రెండు మంచి మాటలు చెప్పగానే మీరు వెతికిచ్చేసేవారు."

"ఇచ్చేసేవాణ్ణే," అన్నాడు ఆయన.