క అంటే కుక్క

మా అమ్మ ఐదు పూటలా దేవుణ్ణి ఒక కుక్క గురించి అడుగుతోందని నాకు హైదరాబాద్ చిక్కడపల్లిలో తెలిసింది. అలా అడిగించింది నేనే.

ఇది నేను ఆరో తరగతిలో ఉండగా మొదలైన వ్యవహారం. మాది మహబూబ్‌నగర్ వైపు పల్లె. ఊళ్లో మాది ఒక్కటే ముస్లిం ఇల్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఎవరో ఇచ్చిన తెలుగక్షరాల నమాజు పుస్తకంలోంచి ఒక చిన్న దువా, అంటే ప్రార్థన, నోటుబుక్కులోకి ఎక్కించి, చదువురాని మా అమ్మతో బట్టీ పట్టించాను. "దీనికి అర్థమేంది బిడ్డా?" అంది అమ్మ. నాకేం తెలుసు? కానీ తెలియదంటే పంతులమ్మ హోదా పోతుంది. "మా బిడ్డకు సర్కారు నౌకరీ రావాలె అని" అన్నాను. అమ్మకు తెగ నచ్చింది. ఆ రోజు నుంచి ఏ నమాజు తర్వాతా ఆ దువా వదల్లేదు.

ఇప్పుడు అమ్మ దోమలగూడ బస్తీలో ఒక గదిలో ఉండి, కట్టే బిల్డింగుల దగ్గర తట్ట మోస్తుంది. ఆ గదిలో ఇద్దరం కాళ్లు చాపితే తలుపు తెరుచుకోదు. అందుకని నేను అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి ఆ సర్కారు నౌకరీ కోసమే చదువుతున్నాను. చదవడమంటే, గ్రూప్ టూ మొదలుపెట్టాను, నోటిఫికేషన్ రాకపోయేసరికి బ్యాంకు వైపు మళ్లాను, లెక్కలు రాక డీఎస్సీ అనుకున్నాను, నాకు బీఈడీ లేదని గుర్తొచ్చి మళ్లీ గ్రూప్ టూకి వచ్చాను.

ఒకరోజు స్టడీ హాల్లో పక్క కుర్చీ అమ్మాయి, "అక్కా, మీరు నమాజుల చదివేదానికి అర్థమేంది?" అని మామూలుగా అడిగింది. రాజ్యాంగంలో ఏ ఆర్టికల్ అడిగినా నిద్రలో కూడా చెబుతాను. దీనికి మాత్రం పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను. చచ్చేంత సిగ్గేసింది. ఆ రోషంలోనే చిక్కడపల్లి సందులో, ఒక మేడ మీద, ఆడపిల్లలకు సాయంత్రాలు అరబ్బీ చెప్పే పెద్దావిడ దగ్గర చేరాను. అందరూ ఆవిణ్ణి అక్కా అన్నట్టు ఆపా అంటారు. అర్థం తెలియకుండా దీన్, అంటే మతం, చదవడమంటే మూత తీయకుండా బిర్యానీ మెచ్చుకోవడమే అని ఆపా వాదన.

ఆపా మమ్మల్ని నెల రోజులు ఒకే అక్షరం దగ్గర కూర్చోబెట్టింది. గొంతు అట్టడుగు నుంచి రావాలది. తెలుగులో ఎలా రాయాలో ఇప్పటికీ నాకు తెలియదు. క అని రాస్తే తప్పు, ఖ అని రాస్తే ఇంకా తప్పు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లలంతా దాన్ని ఖ అనే అంటారు. నారాయణగూడ నుంచి వచ్చే అమ్మాయి సమాధి అనే అరబ్బీ మాటను "ఖబర్" అని చదివింది. ఆపా కళ్లద్దాలు తీసి, "ఖబర్ అంటే వార్త బేటీ. సచ్చిపోయినోళ్లను పేపర్ల పెడ్తమా?" అంది. నేను పగలబడి నవ్వాను. నవ్వినందుకు, నాకొచ్చిన దువా ఏదైనా చదవమంది.

అమ్మ దువా దర్జాగా చదివాను. ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా మనసును నీ దారిల గట్టిగ నిలబెట్టు అనాలె బేటీ. నువ్వు నా కుక్కను నిలబెట్టు అన్నవ్. గొంతుల నుంచి అంటే మనసు. నీ తెలుగు క తోని అంటే కుక్క."

పోటీ పరీక్షల బుర్ర కదా, వెంటనే గుర్తుకు ఒక కోడ్ కట్టేసింది: క అంటే కుక్క. ఆ తర్వాత గానీ అమ్మ గుర్తుకు రాలేదు. "ఆపా, దీంట్ల నౌకరీ మాట ఏడా లేదా?" అని అడిగాను. "ఏం నౌకరీ?" అంది ఆపా.

ఆ వారమంతా హాస్టల్ బాత్రూంలో ఆ అక్షరం సాధన చేశాను. వార్డెన్ అక్క తలుపు కొట్టి, "ఏందమ్మా, కక్కుతున్నవా? నిన్నటి పప్పు పడలేదా?" అని పరేషాన్ అయింది. నా పరేషాన్ వేరు. ఇన్నేళ్లు అడిగింది నా ఉద్యోగం కాదని తెలిస్తే అమ్మ మనసు విరిగిపోతుందేమో. ఆ నోటుబుక్కు మీద నమ్మకంతో పాటు నా మీద నమ్మకం కూడా పోతుందేమో. చెప్పకపోతే కుక్క అలాగే ఉండిపోతుంది.

ఆదివారం దోమలగూడ వెళ్లాను. అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను.

"కుక్కనా?" అంది అమ్మ.

"అవునమ్మా."

"మరి నౌకరీ మాట?"

"అది నేనే కల్పించిన."

అమ్మ మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. కాసేపటికి అమ్మ, "సరే తీయ్. అసలు మాట ఎట్లనో చెప్పు" అంది. చెప్పాను. మొదటిసారే గొంతు అట్టడుగు నుంచి, ఆపా కూడా అనలేనంత చక్కగా అనేసింది. ఇసుక తట్ట నెత్తికి ఎత్తుకునేటప్పుడు రోజూ వచ్చే చప్పుడేనట అది. నాకు ఒళ్లు మండింది.

"అయితే ఈ దువా నాకెందుకు?" అంది అమ్మ. "నెత్తి మీద తట్ట ఉంటే మనసు ఏడికి పోతది? గ్రూప్ టూ అంటవ్, బ్యాంకు అంటవ్, ఇంకోటంటవ్. నిలబడంది నీది. నా మనసు అనకుండ, నా బిడ్డ మనసు అని అనాల్నంటే అరబ్బీల ఎట్ల?"

నాకు రాదు. ఆపా మాకింకా అంతదాకా చెప్పలేదు.

"ఆపాను అడిగి చెప్త" అన్నాను.

"నేర్చుకొని చెప్పు" అంది అమ్మ. "ఈసారి కల్పించకు."