ఎండు కొబ్బరికాయల ఈత

కళ్ళూ ముక్కూ కలిపి మూసేసే ఆ అద్దాల తొడుగు చేతిలోకి తీసుకోగానే గుప్పుమని రబ్బరు వాసన కొట్టింది. మా అమ్మాయి కొత్త జీతంతో ముచ్చటపడి నన్ను తీసుకొచ్చిన అండమాన్ తీరం అది. నాకు మాత్రం అంతర్వేది దగ్గర మా ఊళ్ళో, మా అత్తయ్య నా నడుముకు చుట్టిన పాత సైకిలు ట్యూబు గుర్తొచ్చింది.

"ఈతొచ్చాండీ?" అన్నాడు తొడుగులిచ్చిన తెలుగాయన.

వచ్చనాలో రాదనాలో నాకే తెలియలేదు. యాభై దాటిన మనిషికి తనకు ఈతొచ్చో రాదో తెలియకపోవడమేమిటి, చోద్యం కాకపోతే!

అత్తయ్యంటే మా నాన్న చెల్లెలు, పడవల్లోనే పెరిగిన మనిషి. ఎండుచేపల వాసనతో, తాటిముంజల నీళ్ళతో, కాలు పెట్టకముందే బొరియల్లో దూరే ఎర్రపీతలతో గడిచిపోయే వేసవి సెలవుల్లో, గోదారి సముద్రంలో కలిసేచోట ఇసుకతిప్ప వెనక అలల్లేకుండా నిలిచిన నీళ్ళ దగ్గరికి నన్ను తీసుకెళ్ళేది. ముందు పుడిసెడు నీళ్ళు నోట్లో పోసుకునేది. ఉప్పగా ఉంటే పోటు, దిగొచ్చు. చప్పబడితే పాటు, నీరు సముద్రంలోకి లాగేస్తుంది, ఇంటికి పదమనేది. ఆపైన ఎండు కొబ్బరికాయలు రెండు ట్యూబుముక్కతో నా నడుముకు కట్టి, పొట్టకింద చెయ్యి పెట్టి తేల్చేది.

"పట్టుకున్నావా అత్తయ్యా?"

"పట్టుకున్నానే పిల్లా, కాళ్ళాడించు!"

ఒకనాడు కాయలు విప్పేసి, "ఇవాళ ఇవెందుకే, నేను లేనూ?" అంది. ఆ రోజు తిప్పదాకా వెళ్ళాను. ఈదానా, అత్తయ్యే మోసుకెళ్ళిందా? పొట్టకింద చెయ్యి ఉన్నట్టే ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. అమ్మనడిగితే, "నీకు ఈతెక్కడిదే? దారంతా మీ అత్తయ్యే పట్టుకుందిగా, అదే చెప్పింది" అనేది. ఆ మరుసటేడు నేను పెద్దమనిషినయ్యాను, నీళ్ళకు వెళ్ళడం మాన్పించేశారు. ఇప్పుడు అడుగుదామంటే అత్తయ్యా లేదు, అమ్మా లేదు.

ఇక్కడ నీళ్ళు మరీ తేటగా ఉన్నాయి. మా గోదారిలో ముంచిన చెయ్యి కనిపించదు. ఇక్కడేమో అడుగున రంగుచేపలు నా కాళ్ళమధ్య తిరుగుతుంటే లోతెంతో అంచనాకందక బుర్ర తిరిగిపోయింది. అలవాటుగా పుడిసెడు నీళ్ళు నోట్లో పోసుకున్నాను. "అయ్యో అమ్మా, అందరూ చూస్తున్నారు!" అని మా అమ్మాయి తల కొట్టుకుంది. ఉప్పగానే ఉన్నాయి. సరే, దిగొచ్చు.

నడుంలోతులో బోర్లా పడుకున్నాను. అమ్మాయి పొట్టకింద చెయ్యి పెట్టింది. చేపలు చూస్తూ కాళ్ళాడించాను, ఇంకా ఆడించాను. కాసేపటికి భయమేసి, తల పైకెత్తి, నోట్లో పెట్టుకున్న గాలిగొట్టం తీసి, "పట్టుకున్నావా?" అని అరిచాను.

"పట్టుకున్నానమ్మా!"

ఆ గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చింది. గబుక్కున కాళ్ళు దించి చూద్దును కదా, అది ఒడ్డున ఇసుకలో చతికిలబడి జామకాయ తింటోంది. దొంగముండ!

తిట్టబోయి ఆగిపోయాను. ఆనాడు అత్తయ్య గొంతు కూడా ఇలాగే వినిపించింది. పక్కనుంచి కాదు, గట్టునుంచి. "పట్టుకున్నానే పిల్లా!" అని గట్టుమీద నిలబడి అరిచింది. దారంతా పట్టుకున్నానని అమ్మతో చెప్పింది, అమ్మ కంగారుపడుతుందనే అయ్యుంటుంది. ఇన్నేళ్ళూ ఆ మాట గుర్తుంది కానీ, అది ఎంత దూరం నుంచి వచ్చిందో ఇవాళ్టిదాకా గుర్తు రాలేదు. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను, తొడుగు నిండా నీళ్ళు.

ఆ ఇసుకతిప్పను సముద్రం ఎప్పుడో కోసుకుపోయింది. మా ఊళ్ళో పిల్లల నడుములకు ఎండుకాయలు కట్టేవాళ్ళూ ఇప్పుడెవరూ కనిపించరు.

తొడుగు తిరిగిచ్చేస్తుంటే ఆయన నవ్వి, "ఈతొచ్చని చెప్పనేలేదేమండీ?" అన్నాడు.

"చిన్నప్పుడే వచ్చిందండీ," అన్నాను, "నాకే ఇవాళ తెలిసింది."