మాస్టారి కత్తెర ఎవరు ముట్టుకున్నారు?

ఆ టైలరింగు షాపులో కత్తెరలు నాలుగున్నా, కత్తెర అంటే ఒక్కటే. పిడికి నల్లగుడ్డ చుట్టిన మాస్టారి కత్తెర. ముప్పై ఏళ్ళ కిందట గురువుగారు దాన్ని చేతిలో పెట్టిన రోజే, అంతవరకు కుట్టేవాడల్లా కోసేవాడయ్యాడు, మాస్టారయ్యాడు. గుడ్డ కోసే హక్కు ఆయనదే. తక్కినవాళ్ళు ఎంత పనిమంతులైనా కుట్టేవాళ్ళే. బజార్లో ఆయన సొంత పేరు ఎవరికైనా గుర్తుందో లేదో అనుమానమే.

అసలు ఆయనకు అనుమానం లేనిది ఎవరిమీద గనక! ఈమధ్య మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి కత్తెర పెట్టినచోట పెట్టినట్టు ఉండటంలేదు. కాజాలు కుట్టే ఆవిడ దాంతో గోళ్ళు తీసుకుంటోందన్నాడు. "నా గోళ్ళకి అంత కత్తెరా? నేనేమన్నా పులినా?" అని ఆవిడ విరుచుకుపడింది. కొడుకు దాంతో కాగితాలు కోసి పదును చంపేస్తున్నాడన్నాడు. చివరికి అనుమానం కోడలి మీదికి తిరిగింది. ఆ అమ్మాయి మిషను దగ్గర తలెత్తదు, మాట్లాడదు. మాట్లాడని మనిషిని ఎలా నమ్మడం? తన స్థానానికే ఎసరు పెడుతోందని మాస్టారికి గట్టి నమ్మకం.

ఒక మధ్యాహ్నం కావాలనే గురకపెడుతూ ఓరకంట చూశాడు. కోడలు పిల్లిలా వచ్చి కత్తెర తీసింది. పొద్దున ఆయన కోసిన కోటు ముక్కలు పరిచి, అంచులు కత్తిరించసాగింది.

"దొరికావు!" మాస్టారు ఒక్క ఉదుటున లేచాడు. "ఎన్నాళ్ళనుంచి సాగుతోంది ఈ భాగోతం?"

కోడలు బెదరలేదు. కోటు చేతులు రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూపించింది. ఒకదానికంటే ఒకటి బొటనవేలంత పొడుగుంది. అంచు సుద్దగీతను వదిలేసి ఎటో పోయింది.

"ఇది నేను కోసిందా?"

"అవును మామయ్యా. ఆర్నెల్లుగా ఇలాగే వస్తోంది. గీత మీ కంటికి ఆనడంలేదు."

మాస్టారు ఆ సుద్దగీతను వేలితో తడిమి చూశాడు. అయినా అనుమానం వదల్లేదు.

"ఎంతమందికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"మీ ఆయనకి?"

"ఆయనకీ చెప్పలేదు."

"నమ్మమంటావా? ఎందుకు చెప్పలేదు?"

"చెబితే రేపే ఈ కత్తెర నా చేతికిస్తారు. అప్పుడు మిమ్మల్ని మాస్టారని ఎవరు పిలుస్తారు?"

ఇంతలో కొడుకు మెట్లెక్కుతున్న చప్పుడయింది. సిగ్గుతో మాస్టారి చెవులు వేడెక్కాయి. ముక్కలన్నీ కోడలి వైపు తోసేశాడు.

"కానీ, కానీ. వాడొచ్చేలోపు కోసెయ్యి" అని గొణిగి, తనే వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.