చెట్టు చేసిన పాదాలు

ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను. జీవులు తమ పరిసరాలకు తగ్గట్టు ఎలా మారతాయో చెప్పే పాఠం ఏటా వచ్చేది. ఒంటె పాదం ఇసుకలో కూరుకుపోదు, బాతు పాదం నీటిని తోస్తుంది, వడ్రంగిపిట్ట వేళ్లు మానును గట్టిగా పట్టుకుంటాయి. నల్లబల్ల మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. మా నాయన పాదాల సంగతి మాత్రం ఒక్క తరగతిలోనూ ఎత్తలేదు. ఎత్తితే నాకు ఏడుపొస్తుంది. పంతులమ్మ ఏడిస్తే పిల్లలు నెల రోజులు నవ్వుకుంటారు.

మేము మెదక్‌లో గౌండ్లవాళ్లం. ఊరి చివర వాగు గట్టున ఈతవనం ఉండేది. నాయన అందులో నలభై చెట్లు గీసి కల్లు తీసేవాడు. నడుముకు మోకు కట్టి, కాళ్లకు గుజి తాడు తగిలించి, రెండు అరికాళ్ల మధ్య మానును అదిమిపట్టి ఎక్కేవాడు. పదేళ్ల వయసులో మొదలైన పని అది. ఎముక లేతగా ఉన్నప్పుడే మొదలైంది కాబట్టి కాళ్లు చెట్టుకు తగ్గట్టే పెరిగాయి. మోకాళ్లు ఎడంగా వంగాయి. అరికాళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు లోపలికి తిరిగాయి. నేల మీద పాదాల బయటి అంచులు మాత్రమే ఆనించి, అటూ ఇటూ ఊగుతూ నడిచేవాడు. "చెట్టు మీద దొర, కింద బాతు" అని అవ్వ వెక్కిరిస్తే తనూ నవ్వేవాడు. చెట్టెక్కినప్పుడు ఆయనంత అందంగా కదిలిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ వనం ఎవరూ నాటింది కాదు. మానుపిల్లులు ఈతపండ్లు తిని గింజలను గట్టు పొడుగునా విసర్జించేవి. వాన పడితే అవే మొలిచేవి. చెట్టు తలలో, కమ్మల మధ్య గుడ్లగూబలు పగలంతా ఒదిగి కూర్చునేవి, పొద్దు గూకగానే పక్కనున్న జొన్నచేలల్లో ఎలుకలను పట్టేవి. వానాకాలంలో గిజిగాళ్లు కమ్మలను సన్నగా చీల్చి, ఆ కమ్మల చివరలకే గూళ్లు కట్టేవి. చెట్టుకు కట్టిన కల్లులొట్టి అంచున కారే తీపికి ఉడుతలూ తేనెటీగలూ వచ్చేవి. నాయన వాటిని తోలేవాడు కాదు. "గవి గూడ బతకాలె గద బిడ్డా" అనేవాడు. ఈ ఏడు గీసిన చెట్టును వచ్చే ఏడు ముట్టేవాడు కాదు. "దాని నెత్తురు దాగుతున్నం. జర తేరుకోనియ్యాలె" అనేవాడు. తరవాత నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంతకంటే మంచి పాఠం లేదు.

అన్నను మాత్రం ఒక్కనాడు కూడా చెట్టు ఎక్కనివ్వలేదు. "నా కాళ్లు జాలు. వాని కాళ్లన్న సాఫుగ ఉండాలె" అని పట్నానికి చదువుకు పంపాడు. అన్న అక్కడ చదువూ నేర్చాడు, సర్కారు మీద కోపమూ నేర్చాడు. ఆ కోపం అన్యాయమని నేను అనను. మా బతుకులు చూసినవాళ్లెవరూ అనరు. అప్పట్లో ప్రతి ఈతచెట్టు మీదా సర్కారుకు పన్ను వచ్చేది. చెట్లు నరికితే ఆ రాబడి పోతుంది, సర్కారు నడుము విరుగుతుంది అన్న మాట ఊరూరా తిరుగుతోంది. పోలీసు చర్యకు ముందటి చలికాలం అది.

అంగడి రోజు మధ్యాహ్నం నాయన దుకాణానికి కల్లు తీసుకుపోయాడు. నాకు పదమూడేళ్లు. చాపలు అల్లడానికి ఈతకమ్మలు తెద్దామని వనానికి పోయాను. దూరం నుంచే గొడ్డళ్ల చప్పుడు వినిపించింది. పరుగెత్తిపోయి చూస్తే సగం వనం నేల మీద ఉంది. లొట్లు పగిలి ఇసుకంతా తడిసింది. ఆరేడుగురు పడుచువాళ్లు నరుకుతున్నారు, వాళ్లలో మా అన్న ఉన్నాడు. నేను గొల్లుమన్నాను.

"ఏడ్వకు చెల్లె. మొదళ్లు ఉన్నయి గద? మోదుగును నరికితే మల్ల చిగురు వెడ్తలేదా? సర్కారు వోయినంక రెండేండ్లల్ల మల్ల వనమైతది సూడు" అన్నాడు అన్న.

నా ఏడుపు ఆగిపోయింది. అన్న నిజంగానే అలా అనుకుంటున్నాడు. గౌండ్ల ఇంట పుట్టినవాడు!

"అన్నా, ఈతకు పానమంత తలకాయలనే ఉంటది. ఒక్కటే మొవ్వు. అది తెగితే మల్ల మొలువది. నీకెవ్వలు జెప్పలేదా?"

అన్న గొడ్డలి దించాడు. ముఖంలో రక్తం లేదు. "ఆగుండ్రి, ఆగుండ్రి!" అని అరిచాడు. మిగతావాళ్లు ఆగలేదు. ఇంకా నిలబడి ఉన్న చెట్లు కూడా నా కళ్ల ముందే పడ్డాయి.

నాయన వచ్చి ఒక మొదలు మీద కూర్చున్నాడు. ఎవరని అడిగితే చెప్పాను. చెప్పినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. "వాన్ని నర్సాపూర్ అడివికి వొమ్మను. ఇంటికి రావద్దను" అన్నాడు. అన్న ఆ సాయంత్రమే పోయాడు.

మూడో రోజు సర్కారు మనుషులు వచ్చారు. ఎవరు నరికారని అడిగారు. "నేనే నరికిన" అన్నాడు నాయన. వాళ్లలో పెద్దాయన నమ్మలేదు. "గౌండ్లోడు తన చెట్లు తనే నరుక్కుంటడా?" అన్నాడు. "కడుపు మండింది, నరుక్కున్న" అన్నాడు నాయన. తీసుకుపోయారు. వాళ్ల నడక అందుకోలేక నాయన ఊగుతూ పోతుంటే, వాళ్లలో ఒకడు వెనక నుంచి ఆ నడకను అనుకరించి చూపించాడు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు, కానీ ఈ వయసులోనూ నాకు వాడి మీద కసి పోలేదు.

నాయన జైల్లో ఉండగా వానలు వచ్చాయి. గిజిగాళ్లు వచ్చి వనం మీద రెండు రోజులు తిరిగి, బావి మీది తుమ్మచెట్టుకు మారాయి. గుడ్లగూబలు ఎటో పోయాయి. ఆ ఏడు జొన్నచేలను ఎలుకలు దోచుకున్నాయి. వేళ్ల పట్టు పోయిన గట్టు ముక్కలు ముక్కలుగా వాగులో కలిసింది. మానుపిల్లి ఒకటి మా ఇంటి పెంకుల కింద కాపురం పెట్టింది. కదలగలిగినవన్నీ ఎక్కడో ఒకచోట సర్దుకున్నాయి.

పోలీసు చర్య తరవాత నాయనను వదిలారు. అన్న అడవి నుంచి వచ్చి ఆ కాళ్ల మీద పడ్డాడు.

"లే బిడ్డా. నీకు చెట్టెక్కుడు నేర్పకున్నా, చెట్టునన్న సూపియ్యకపోతి. తప్పు నాది" అన్నాడు నాయన.

తిట్టి ఉంటే అన్న బతికిపోయేవాడు.

తరవాత నాయన రోడ్డు పనికి పోయాడు. చదును నేల ఆయన పాదాలకు పడలేదు. అంచులు పగిలి నెత్తురు కారేది. అన్న చెప్పులు కుట్టించి తెచ్చాడు, నెల తిరక్కుండా బయటి అంచులు అరిగిపోయాయి. మళ్లీ కుట్టించాడు. గట్టున మానుపిల్లి వేసిన గింజలు నాలుగైదు మొలిస్తే, పొద్దునా సాయంత్రం కావడితో నీళ్లు మోసి పోశాడు. నాయన ఒకసారి పోయి చూసి, "గియి గీతకు రావాల్నంటే ఇంక పదేండ్లన్న వడ్తది" అన్నాడు. మళ్లీ ఆ వైపు పోలేదు.

మూడేళ్లు తిరగకుండానే నాయన కన్నుమూశాడు. వాకిట్లో పడుకోబెట్టి స్నానం చేయించారు. కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టాలి. కొడుకే కట్టాలన్నారు. అన్న తాడు పట్టుకుని కూర్చుని కాళ్లు దగ్గరకు నొక్కాడు. చేయి తీయగానే అవి మళ్లీ ఎడంగా జరిగాయి. మళ్లీ నొక్కాడు, మళ్లీ జరిగాయి. ఆ రెండు అరికాళ్ల మధ్య సరిగ్గా ఒక ఈతమాను పట్టేంత చోటు మిగిలింది. అన్న ఆ చోటు వైపు చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నొక్కకు అన్నా, గట్లనే ఉండనియ్యి" అన్నాను.

పొడుగు తాడు తెప్పించి, ఆ ఎడం అలాగే ఉంచి కట్టాడు.