ఆ పాట దగ్గర ఆపకండి

మా చిన్నప్పుడు... గార్డు మావయ్య రైలు డ్యూటీ దిగి వస్తున్నాడంటే నేను గేటు దగ్గరికి ఒకటే పరుగు. ఆయన ముఖం చూసేదాన్ని కాదు, చేతిలోని సంచీ చూసేదాన్ని. "ఇంకా రాలేదమ్మా... టిట్లాగఢ్‌లోనే ఉందంట" అనేవాడు పాపం.

నేను ఎదురుచూసింది ఒక వీడియో క్యాసెట్ కోసం. అందులో మా నాన్న ఉన్నాడు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరు. నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. సన్నాయి అంటే ప్రాణం ఆయనకి. విజయనగరం వైపు ఒక గొప్ప సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. చిన్నప్పుడు ఏదో పెళ్ళిలో ఆయన వాయిస్తుంటే విన్నాడట, ఇక అంతే! షెడ్ నుంచి రాగానే టీ గ్లాసు పట్టుకుని రేడియో ముందు కూర్చునేవాడు. ఎడమచేత్తో మోకాలి మీద తాళం. కుడిచెయ్యి ఖాళీగా ఉన్నా సరే, తాళం ఎడమచేత్తోనే. అమ్మ ఎంత వెక్కిరించినా ఆ అలవాటు పోలేదు.

ఆ విద్వాంసుడు పోయాక ఆయన జీవితం మీద సినిమా మొదలుపెట్టారు. తిరునాళ్ళ కచేరీ సీనుకి జనం కావాలన్నారట. ఇంకేముంది... నాన్న సెలవు పెట్టి, పాసు రాయించుకుని, రైలెక్కేశాడు! తిరిగొచ్చాక చాన్నాళ్ళు ఇంట్లో అదే కబురు.

"ముందు వరసలోనే కూకున్నాను. సినిమా రానీండి... చూద్దురు గాని" అని ఊరించేవాడు.

సినిమా రాకముందే నాన్న పోయాడు. డ్యూటీలో ఉండగానే గుండె ఆగిపోయింది.

ఆంధ్రాలో ఆ సినిమా ఆడినప్పుడు నాన్న పోయి ఇంకా ఏడాది వెళ్ళలేదు. అమ్మ సినిమా హాలు గడప తొక్కే రోజులు కావవి. హిందీ సినిమాలాడే మా ఊళ్ళో ఆ సినిమా ఎలాగూ వెయ్యరు. ఇంట్లో ఉన్నది నాన్న పెళ్ళినాటి ఫొటో ఒక్కటే... కళ్ళు పెద్దవి చేసి, బిగుసుకుపోయి ఉంటాడు. కదిలే నాన్న కావాలంటే మాకు ఆ క్యాసెట్టే దిక్కు. అది విడుదలవుతోందని తెలియగానే అమ్మ పక్క క్వార్టరులోని గార్డు మావయ్యకి చెప్పింది.

మా రైల్వేవాళ్ళకి పోస్టాఫీసుతో పనిలేదు. విజయనగరంలో ఒక గార్డు చేతికిస్తే చాలు... ఆవకాయైనా, అప్పడాలైనా చేతులు మారుతూ మా ఇంటికి వచ్చేసేవి. ఆవకాయ జాడీ మూత ఎవరూ తియ్యరు. కానీ తెలుగు సినిమా క్యాసెట్‌ని చూడకుండా ముందుకి పంపే మనసు ఎవరికి వస్తుంది చెప్పండి? రాయగడలో ఒక ఆదివారం, టిట్లాగఢ్‌లో ఇంకోటి... రాయపూర్‌లో ఎవరింటికో చుట్టాలొచ్చారని మరోటి. మా నాన్నని ఊళ్ళవాళ్ళంతా చూసేస్తున్నారు, మేం తప్ప! నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి వచ్చింది. ఆదివారం పొద్దున్నే పక్కనున్న తిఫ్రా నుంచి అద్దె వీసీఆర్ వాలా రిక్షాలో టీవీ వేసుకుని దిగాడు. కాలనీ అంతా మా ముందుగదిలోనే. అమ్మ మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడింది.

కచేరీ సీను వచ్చింది. సన్నాయి మొదలైంది. కెమెరా జనం వైపు తిరిగింది... మోకాలి మీద ఒక ఎడమచెయ్యి!

"నాన్న!" అని అరిచాను. తల ఊపుతూ, నవ్వుతూ... రెప్పపాటు. అంతే, బొమ్మ మారిపోయింది.

గుమ్మంలోంచి అమ్మ గార్డు మావయ్యతో అంది... "ఓ పాలి ఎనక్కి తిప్పమనండి అన్నయ్యా."

తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. నాన్న దగ్గర ఆపమంది. ఆపితే బొమ్మ వణికిపోయేది, ముఖం మీద గీతలు.

"బహన్‌జీ, పాజ్ మత్ కరో... టేప్ ఖరాబ్ హో జాయేగా" అన్నాడు వీసీఆర్ వాలా, అలా ఆపితే టేపు పాడవుతుందని. తర్వాత అమ్మ ముఖం చూశాడు. ఇక ఏమీ అనకుండా అతనే వెనక్కి తిప్పుతూ కూర్చున్నాడు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఆ సినిమా ఎలా ముగుస్తుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

తర్వాత భిలాయిలోని తెలుగువాళ్ళు అడిగితే క్యాసెట్ పంపాం. కొన్నాళ్ళకి గార్డు మావయ్య దాన్ని వెనక్కి తెచ్చి, తల దించుకుని చెప్పాడు. "చెల్లెమ్మా... ఆ కచేరీ కాడ బొమ్మ పడ్డం లేదంట. ఒట్టి చుక్కలేనంట. ఇది నువ్వే ఉంచుకో."

అమ్మ క్యాసెట్ అందుకుని కొంగుతో తుడిచింది. "మనమే చూసి చూసి ఆయన్ని అరగ్గొట్టీసినాం అన్నయ్యా" అంది.

అప్పట్నుంచి ఏటా నాన్న తద్దినం మర్నాడు అమ్మ వీసీఆర్ తెప్పించేది. టీవీ నిండా తెల్లచుక్కలు... వాటి వెనకనుంచి సన్నాయి. "అదిగో మీ నాన్న... తాళం ఏస్తన్నారు" అని చూపించేది. నాకూ కనిపించేవాడు. నిజంగానే! ఆ పాట నడిచినంతసేపూ అమ్మ ఎడమచెయ్యి తన మోకాలి మీద కదిలేది. ఆ సంగతి తనకి తెలుసో లేదో... నాకు మాత్రం భయం వేసేది. ఇప్పుడు నాన్నని తలుచుకుంటే నాకు ముఖం రాదు, ముందు ఆ చుక్కలే వస్తాయి.

ఇప్పుడు ఏ సినిమానైనా వేలితో ఆపొచ్చు, అరిగిపోదు. మొన్న అమ్మ అడిగింది... "అన్నీ ఫోన్లోకి వొచ్చేస్తన్నాయి కదేటి... మీ నాన్న రాడా?"

వెతికాను. పాట దొరికింది. బొమ్మ లేదు... పాట పొడుగునా సన్నాయి ఫొటో ఒకటి అతికించి పెట్టారు.

మీ ఇళ్ళల్లో పాత క్యాసెట్లు ఇంకా ఉన్నాయా? అట్టపెట్టెల్లో, బీరువా అడుగున... ఒకసారి చూడండి. సన్నాయి విద్వాంసుడి కథ అంటే ఆ సినిమా చూసినవాళ్ళకి పేరు చెప్పక్కర్లేదు. దొరికితే నాకు ఒక్క మాట చెప్పండి.

వేసి చూస్తే చూడండి గానీ... ఆ కచేరీ పాట దగ్గర మాత్రం ఆపకండి. పోనివ్వండి.