గవరయ్య గారి రెండో జాడీ

స్వాతంత్ర్యం వచ్చాక అండమాన్ దీవుల్లో జరిగిన ముఖ్య ఘట్టాలను రాసినవారు జెట్టీలు, రోడ్లు, కాలనీలు అన్నీ రాశారు కాని, బాంబూఫ్లాట్‌లో గవరయ్య గారు బుడగలు లెక్కపెట్టడం మొదలుపెట్టిన రోజును మాత్రం విడిచిపెట్టారు. ఆ లోటు నేను పూరిస్తున్నాను. అది అరవై ఎనిమిది, ఆగస్టు, ఒక మంగళవారం. వాన పడుతోంది.

గవరయ్య గారు పడవల వర్క్‌షాపులో ఫిట్టరు. ఓడ వంటవాడొకడు ఆయనకు ఇంట్లో బీరు చేయడం నేర్పి, కాస్త ఈస్టు చేతిలో పెట్టి, ఓడతోపాటు వెళ్ళిపోయాడు. చేదుకి వేయవలసిన పువ్వు దీవుల్లో దొరకదు కనుక ఈయన కాకరాకు వేశారు. మొదటి జాడీలో అది వారం రోజులు నురగలు కక్కింది. తర్వాత అడుగున మడ్డి వదిలేసి, మిగతాది రెండో జాడీలోకి దించి, బిరడా బిగించి, బిరడాలోంచి వచ్చే సన్నగొట్టం కొసను గ్లాసెడు నీళ్ళలో ముంచారు. చరిత్ర విస్మరించిన బుడగలు ఆ గ్లాసులోవే.

ఫెర్రీ అవతలి ఒడ్డున చాథంలో కూత వేసింది మొదలు మా జెట్టీని తాకేదాకా ఎన్ని బుడగలన్నదే కొలత. మొదటిరోజు ముప్ఫై. వారం తిరిగేసరికి తొమ్మిది. చూడవచ్చినవారికి ఆయన ముందే చెప్పేవారు: ఇక పొంగదు, నురగ రాదు, కుళ్ళిన గుడ్డు వాసన వేస్తే కంగారు పడరాదు, బీరులోని మబ్బు మెల్లగా అడుక్కి దిగుతుంది. జాడీని కదపరాదు. బిరడా తీయడం మహాపాతకం, గాలి తగిలితే పులిసి చస్తుంది. భార్య ఎరుకమ్మ గారికి ఆ గోడపక్కన రోకలి ఎత్తే హక్కు కూడా రద్దయింది.

ఇంతటి జాడీకి కాపలాగా ఆయన నూకన్నను పెట్టడం మాకు వింతగా తోచింది. నూకన్న చేపలవేటలో మొనగాడే కాని, సారా దుకాణం గడప అరగదీసినవాడు. వల చిరిగిపోయింది. అతని చిన్నపడవ, డుంగీ, ఒడ్డున బోర్లాపడి ఉంటే దాని కింద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. అతని భార్య బుల్లమ్మ బ్రూక్షాబాద్‌లోని పుట్టింటికి పోవడానికి పెట్టె సర్దేసింది కూడా.

గవరయ్య గారు నియమాలు రెండే పెట్టారు. సారా తాగినవాడి ఊపిరి సోకితే బీరు పాడైపోతుంది. కళ్ళప్పగించి చూస్తే బుడగ రాదు, చేతిలో ఏదో ఒక పని ఉండాలి. అన్నీ పాటిస్తే సగం జాడీ నూకన్నది. అంచేత నూకన్న సాయంకాలాలు నోరు కట్టుకుని, వల బాగుచేసుకుంటూ లెక్కపెట్టేవాడు.

"ఏటి బావా, ఎన్నాళ్ళు సూసినా ఏటీ అవదేటి?"

"ఏటీ అవకపోడమేరా అవడం. ఠహరో, ఆగు."

వంటవాడు చెప్పింది రెండు వారాలు. మూడు నెలలు దాటాయి. బుడగలు రెండుకు పడిపోయేవి, మర్నాడు మళ్ళీ పన్నెండు. ఏ శాస్త్రంలోనూ నేనిలాంటిది చదవలేదు. ఆ రోజుల్లోనే ఎరుకమ్మ గారు డబ్బాలో బెల్లం నిలవడం లేదని చీమలను తిట్టేవారు.

ఒకనాటి పొద్దున బడికి వెళుతూ తొంగిచూద్దును కదా, గవరయ్య గారు స్వహస్తాలతో బిరడా తీసి, జాడీలోకి బెల్లంముక్క జారవిడుస్తున్నారు.

"బీరు పాడైపోదూ?" అన్నాను.

"అది ఎప్పుడో పాడైపోనాది మాస్టారూ," అన్నారు, బిరడా బిగిస్తూ. "వల బాగవడానికి ఇంకా నాలుగు బారలుంది. ఆడితో సెప్పకండి."

జనవరిలో వల పూర్తయింది. డుంగీ నీళ్ళలోకి దిగింది, కోళ్ళు వేరే చోటు చూసుకున్నాయి, బుల్లమ్మ పెట్టె విప్పింది. ఆ ఆదివారం ఫెర్రీ కూత వేయగానే గవరయ్య గారు అందరి ఎదుటా బిరడా తీసి, మొదటి గ్లాసు నూకన్నకిచ్చారు. అతను ఒక గుక్క తాగి, మొహం చిట్లించాడు.

"దీని కోసమా బావా, నాను ఐదు నెల్లు సారా మానీసినాను?"

"ఔన్రా."

నూకన్న గ్లాసు కింద పెట్టి, డుంగీకి తారు రాయడానికి వెళ్ళాడు.

జాడీలో ఉన్నది వెనిగర్. బుల్లమ్మ తమ వాటా పట్టుకెళ్ళి చేపల పచ్చడి పెట్టింది.